2018 అంటే మూడు బిట్లేనా? ఆ ఏడాది ప్రపంచ కట్టడాల్లో అసలు చెప్పాల్సింది ఏది?

పాఠాల_ప్రసాద్
గుంటూరులో గ్రూప్స్ పిల్లలకు జీకే చెప్తాను. పాత నోట్సు సరిచేస్తూ 2018 దగ్గర ఆగిపోయాను. ప్రపంచ నిర్మాణ రంగం అన్న హెడ్డింగు కింద ఉన్నవి మూడే బిట్లు. ఆర్కిటెక్టులకు నోబెల్ లాంటి ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్న తొలి భారతీయుడు బాలకృష్ణ దోషి. ప్రపంచంలో ఎత్తైన విగ్రహం, గుజరాత్‌లోని పటేల్ విగ్రహం, 182 మీటర్లు. హాంకాంగ్-జుహాయ్-మకావు వంతెన 55 కిలోమీటర్లు. అంతే. "దోషి ఏం కట్టాడు సార్?" అని ఒకమ్మాయి అడిగితే పుస్తకంలో జవాబు లేదు. 90 ఏళ్ళ మనిషిని వెతుక్కుంటూ ఆ బహుమతి ఎందుకొచ్చిందో తెలియకుండా పేరు బట్టీ పట్టి ఏం లాభం? నాకు నిజంగా కోపమొచ్చింది. ఇక్కడ ఆర్కిటెక్టులు, సివిల్ వాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ ఒక్క ఏడాది గురించి క్లాసులో అరగంట చెప్పాలంటే మీరైతే ఏం చెప్తారు?

బిట్లే_బలం
పరీక్షలో అడిగేది పేరే కదండీ. అరగంట దోషికిచ్చేస్తే పాలిటీ ఎప్పుడు చెప్తారు?

పాఠాల_ప్రసాద్
మెయిన్స్‌లో వ్యాసం రాయాలి తమ్ముడూ. పట్టణాల్లో పేదల ఇళ్ళ గురించి అడిగితే 182 మీటర్లు అని రాసొస్తావా?

నిర్మల_ప్లాన్లు
అరగంటా దోషికే ఇవ్వండి. అందులో సగం ఇండోర్‌లోని అరణ్య కాలనీకి.

2018 మార్చిలో బహుమతి ప్రకటించినప్పుడు మా ఆఫీసులో అందరం ఎగిరి గంతేశాం. దోషి పారిస్‌లో, చండీగఢ్ ప్లాను గీసిన ఆర్కిటెక్టు లే కార్బూజియే దగ్గర 1951 నుంచి 1954 దాకా పనిచేశాడు. కార్బూజియే అహ్మదాబాద్ ప్రాజెక్టులు చూసుకోడానికి తిరిగొచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఐఐఎం అహ్మదాబాద్‌కు అమెరికన్ ఆర్కిటెక్టు లూయీ కాన్‌తో కలిసి పనిచేశాడు. ఐఐఎం బెంగళూరు ఆయనదే. ఇంత పెద్ద పేర్ల పక్కన పెరిగిన మనిషి 1980ల్లో ఇండోర్‌లో పేదలకు ఏమిచ్చాడో చూడండి. ఇల్లు కట్టి ఇవ్వలేదు. ప్లాటు, దాని మీద బేస్‌మెంట్, ఒక మూల మరుగుదొడ్డి, స్నానాల గది, నీళ్ళు, డ్రైనేజీ. కాస్త డబ్బున్నవాళ్ళకు ఒక గది కూడా. మిగతాది చేతిలో డబ్బు ఆడినప్పుడు ఎవరికి వాళ్ళు కట్టుకోవాలి. ఎలా కట్టుకోవచ్చో చూపించడానికి 80 ఇళ్ళు నమూనాగా కట్టి పెట్టాడు. ఇంటికీ వీధికీ మధ్య కొంచెం జాగా వదిలాడు, మెట్లో అరుగో బాల్కనీయో ఎవరిష్టం వాళ్ళది. ఇవాళ అక్కడ 6,500కు పైగా ఇళ్ళు, 80 వేలకు పైగా జనం. ఒకే గది ఉన్న ఇల్లూ అక్కడే, పెద్ద ఇల్లూ అక్కడే. 1995లోనే ఆర్కిటెక్చర్‌కిచ్చే ఆగా ఖాన్ అవార్డు వచ్చింది. ప్రిట్జ్‌కర్ వాళ్ళకు తెలిసేసరికి ఇంకో 23 ఏళ్ళు పట్టింది.

గోదారి_గట్టు
సగం కట్టిన ఇల్లు చేతిలో పెట్టి, దానికి బహుమతి కూడానా? పేదవాడి దగ్గర డబ్బుంటే మీ ప్లాటు దాకా ఎందుకొస్తాడండీ.

మేస్త్రీ_గారబ్బాయి
గోదారి గారూ, మీ ఊళ్ళో ఏ డాబా మీదికైనా ఎక్కి చూడండి. నాలుగు మూలలా పిల్లర్ల చువ్వలు ఆకాశంలోకి లేచి ఉంటాయి. పిల్లాడికి ఉద్యోగం వస్తే పైన ఇంకో పోర్షన్ వేద్దామని. మా నాన్న నలభై ఏళ్ళు చేసిన పనే ఇది. ముందు రెండు గదులు, తర్వాత వసారాకి గోడ, ఆ తర్వాత మెట్లు. మన జనం ఇల్లు కట్టుకునే పద్ధతే అది. దోషి గారు దాన్ని కాగితం మీద పెట్టి, డ్రైనేజీ ముందే సరిగ్గా వేసి ఇచ్చారు. అసలు కష్టం అక్కడే ఉంది. గోడ ఎవరైనా లేపుతారు. వాలు చూసి మురుగు పైపు వేయడం ఒక్కొక్కరి వల్ల అయ్యే పని కాదు.

నిర్మల_ప్లాన్లు
మేస్త్రీ గారబ్బాయి చెప్పిన ఆఖరి మాటే క్లాసులో బోర్డు మీద రాయాలి.

సెంటు_సత్యం
అరణ్యలో అన్నిటికంటే చిన్న ప్లాటు ఎంత?

నిర్మల_ప్లాన్లు
35 చదరపు మీటర్లు.

సెంటు_సత్యం
అంటే 42 గజాలు కూడా లేదు. మన ఆంధ్రలో పట్టణాల్లో సెంటు స్థలం ఇస్తే (48.4 గజాలు) ఎంత గొడవైందో గుర్తుందా? "సెంటులో ఏం కడతారు, శవం లేస్తే మోసుకెళ్ళే దారి ఉంటుందా" అని. అరణ్యలో అంతకంటే తక్కువ జాగాలో ఎలా సరిపెట్టారో చెప్పండి.

నిర్మల_ప్లాన్లు
ప్లాటు చిన్నదే. చుట్టూ ఉన్న జాగా చిన్నది కాదు. పది పన్నెండు ఇళ్ళ వెనకాల అందరికీ కలిపి ఆరుబయలు వదిలాడు, వీధులు నీడ పడేలా ఇరుకుగా పెట్టాడు, బజారు నడిచిపోయే దూరంలో ఉంది. సెంటు చాలా చాలదా అని మనం కొట్టుకుంటాం. ఊరికి ఎంత దూరంలో ఇచ్చారు, బస్సు వస్తుందా అన్న ప్రశ్న ముందు అడగాలి. పదిహేను కిలోమీటర్ల అవతల ఐదు సెంట్లిచ్చినా రోజు కూలీకి పోయేవాడికి అది ఇల్లు కాదు.

టిడ్కో_రెండో_ఫ్లోర్
మా అమ్మకు టిడ్కో ఇల్లు (ప్రభుత్వం పట్టణ పేదలకు కట్టించిన ఫ్లాటు) వచ్చింది, 365 చదరపు అడుగులది. ఇల్లు గట్టిగా ఉంది, అందులో వంక పెట్టను. కానీ షియర్ వాల్. గోడలన్నీ కాంక్రీటుతో ఒకేసారి పోస్తారు, ఆ గోడలే బరువు మోస్తాయి. వంటగది గోడ ఒక్క అడుగు జరుపుదామన్నా కుదరదు. దేవుడి పటానికి మేకు కొట్టాలంటే డ్రిల్లింగ్ మెషిన్ వాడిని పిలవాలి. తమ్ముడి పెళ్ళయ్యాక ఇంకో గది ఎక్కడి నుంచి తేవాలి? నిర్మల గారి పోస్టు చదివాక, మాకు కుదరంది ఏమిటో తెలిసింది.

గోదారి_గట్టు
నాలుగంతస్తుల్లో ఒక్కొక్కరు ఒక్కో గోడ జరుపుకుంటే బిల్డింగే జరిగిపోతుందమ్మా. షియర్ వాల్ వేసింది త్వరగా, తక్కువ ఖర్చులో అవ్వాలని. అక్కడ దోషి పద్ధతి పనిచేయదు.

నిర్మల_ప్లాన్లు
పనిచేస్తుంది. 1973లో అహ్మదాబాద్‌లో ఎల్‌ఐసీ వాళ్ళకు ఆయన కట్టిన కాలనీ చూడండి. కింద పెద్ద ఇల్లు, మధ్యలో దానికంటే చిన్నది, పైన ఇంకా చిన్నది. మెట్టు మెట్టుగా వెనక్కి పోతుంది కాబట్టి ప్రతి ఇంటికీ డాబా దొరుకుతుంది. ఆ డాబా మీద గది వేసుకోవచ్చు. వేసుకున్నారు కూడా, ఇప్పుడు చూస్తే మొదటి డిజైను కనిపెట్టలేం. దోషికి దాని మీద బాధ ఉండేది కాదు, సంతోషమే.

కుషాయిగూడ_కవిత
ఎవరూ చెప్పలేదేంటి? దోషి గారు మన హైదరాబాద్‌లో కూడా కట్టారు. ఈసీఐఎల్ టౌన్‌షిప్, 1968-71. నేను అక్కడే పెరిగాను. ఇళ్ళు దగ్గర దగ్గరగా ఉండేవి, మధ్యలో నీడ సందులు. మే నెలలో మధ్యాహ్నం కూడా మేం ఆ సందుల్లోనే ఆడుకునేవాళ్ళం, రోడ్డు మీదికి వస్తే కాళ్ళు కాలేవి. రాత్రిళ్ళు డాబా మీద పక్కలు. ఎవరు డిజైన్ చేశారో మాకు తెలియదు. 2018లో పేపర్లో బహుమతి వార్త పక్కన ఆయన కట్టినవాటి పట్టీ చూసి మా ఇంట్లో అందరికీ ఫోన్లు చేశాను.

పాఠాల_ప్రసాద్
కవిత గారూ, ఇది రేపే క్లాసులో చెప్తాను. హైదరాబాద్‌లో చదువుకున్న పిల్లలున్నారు, ఎగిరి గంతేస్తారు.

వంతెనల_వెంకట్
అందరూ దోషి దగ్గరే ఉండిపోయారు. 2018 అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆగస్టు 14, ఇటలీలో జెనోవా. మొరాండి వంతెన. 43 మంది పోయారు.

మా వృత్తిలో ఉన్నవాళ్ళు దాన్ని మర్చిపోలేరు. రికార్డో మొరాండి చిన్నవాడు కాదు, ఆ కాలానికి ఆయన డిజైను చాలా తెలివైనది. వంతెనను పట్టుకునే స్టీలు తీగలు బయట కనిపిస్తే తుప్పు పడతాయని వాటిని కాంక్రీటులో పొదిగాడు. 1967లో తెరిచారు. కానీ ఒక్కో టవరుకు ఉన్నవి నాలుగే తీగలు. కాంక్రీటుకు సన్నటి పగుళ్ళొచ్చాయి, సముద్రపు ఉప్పుగాలి, ఫ్యాక్టరీల పొగ లోపలికి పోయాయి. లోపల స్టీలును తుప్పు ఎంత తినేసిందో బయటి నుంచి కనపడదు. ఉప్పుగాలి, పొగ గురించి మొరాండి తనే 1979లో హెచ్చరించాడు. 90ల్లో 11వ టవరు తీగలకు బయట నుంచి కొత్త స్టీలు కట్టి గట్టి చేశారు. 9వ దానికి అలా చేయలేదు. కూలింది 9వది. వర్షం పడుతుండగా రెండు వందల మీటర్ల వంతెన కిందికి పోయింది.

అదే ఏడాది సెప్టెంబరు 4న కోల్‌కతాలో మాజేర్‌హాట్ వంతెన కూలింది. అక్టోబరులో హాంకాంగ్ వంతెన తెరిచారు. మీ బిట్లలో మూడోది మాత్రమే ఉంది ప్రసాద్ గారూ.

మేస్త్రీ_గారబ్బాయి
చువ్వల సంగతి ఎత్తింది నేనే కాబట్టి ఇదీ చెప్తాను. పైకి వదిలిన చువ్వలకు సిమెంటు పాలు పూయాలి, లేదా పలచటి కాంక్రీటు కప్పాలి. పదేళ్ళు ఎండకీ వానకీ వదిలేసి, ఆ తుప్పు చువ్వకే కొత్తది కట్టి పై ఫ్లోర్ లేపేస్తున్నారు. గోకితే పొరలు పొరలుగా ఊడొస్తుంది. మా నాన్న అలాంటి ఇంటి పని ఒప్పుకునేవాడు కాదు. సముద్రం ఒడ్డున ఇళ్ళున్నవాళ్ళు, విశాఖ వాళ్ళు, కాకినాడ వాళ్ళు ముఖ్యంగా చూసుకోండి.

విశాఖ_వాణి
మా అపార్టుమెంటు బీచ్‌కి దగ్గర. బాల్కనీ స్లాబు కింద పెచ్చులూడి చువ్వ కనిపిస్తోంది. ప్లాస్టరింగు చేసి పెయింటు వేస్తే సరిపోతుందని అసోసియేషన్ వాళ్ళంటున్నారు. సరిపోతుందా?

వంతెనల_వెంకట్
సరిపోదమ్మా. పైన ప్లాస్టరింగు పూస్తే లోపల తుప్పు కనపడకుండా పోతుంది, ఆగదు. పెచ్చు పూర్తిగా కొట్టించి, చువ్వ మెరిసేదాకా రుద్దించి, ఎంత సన్నబడిందో కొలిపించి, తర్వాతే రిపేరు. స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని పిలవండి, పెయింటు కాంట్రాక్టర్‌ని కాదు. అందాకా ఆ బాల్కనీ మీద పూలకుండీల బరువు తీసేయించండి.

విశాఖ_వాణి
రేపు మీటింగులో ఈ పోస్టే చదివి వినిపిస్తా.

డల్లాస్_రఘు
హాంకాంగ్ వంతెనను అంత తేలిగ్గా తీసేయకండి వెంకట్ గారూ. మధ్యలో ఓడలు పోవాలని 6.7 కిలోమీటర్లు సముద్రం అడుగున సొరంగం వేశారు. వంతెన సొరంగంలోకి దిగేచోట సముద్రంలో దీవులు కట్టారు. అది చిన్న పనా?

వంతెనల_వెంకట్
చిన్న పని అని ఎవరన్నారు? గొప్ప పని. దాని గొప్ప తెలిసేది యాభై ఏళ్ళ తర్వాత అంటున్నాను. జెనోవాలో కొత్త వంతెన ఆర్కిటెక్టు రెంజో పియానో డిజైను, ఆయనది ఆ ఊరే. 2020 ఆగస్టులో తెరిచారు. దాని కింద తిరుగుతూ తనిఖీ చేసే రోబోలు పెట్టారు, ఉప్పు తేమ పట్టకుండా లోపలి గాలిని పొడిగా ఉంచే ఏర్పాటు చేశారు. కట్టేటప్పుడే కాపలా గురించి ఆలోచించడమంటే అది.

గ్లాస్గో_గిరి
నేనుండే ఊరి సంగతి. స్కాట్లాండ్ ఆర్కిటెక్టు మెకింటాష్ కట్టిన ఆర్ట్ స్కూలు 2014లో కాలింది, లైబ్రరీ మొత్తం పోయింది. ఏళ్ళ తరబడి చెక్కపని అచ్చం అలాగే చేయించి, ఇంకొన్నాళ్ళలో తెరుస్తారనగా 2018 జూన్ 15 రాత్రి మళ్ళీ అంటుకుంది. ఈసారి గోడలు తప్ప ఏమీ మిగల్లేదు. తెల్లారి చూడ్డానికి వెళ్ళినవాళ్ళు వీధిలో నిలబడి ఏడ్చారు. ఇప్పటికీ ఆ పక్క నుంచి వెళ్తే ఇనప గొట్టాల మంచెలే కనిపిస్తాయి.

కుషాయిగూడ_కవిత
బ్రెజిల్‌లో, రియోలో మ్యూజియం కాలింది కూడా ఆ ఏడాదే కదా?

గ్లాస్గో_గిరి
అవును, సెప్టెంబరు 2. 1818లో పెట్టిన నేషనల్ మ్యూజియం, సరిగ్గా 200 ఏళ్ళు నిండిన సంవత్సరం. ఒకప్పటి రాజప్రాసాదంలో ఉండేది. ఫైరింజన్లు వచ్చేసరికి దగ్గర్లోని హైడ్రెంట్లలో నీళ్ళు లేవు. ఆకాశం నుంచి పడ్డ బెండెగో ఉల్క మాత్రం గుమ్మం దగ్గర చెక్కుచెదరకుండా నిలబడింది.

బిట్లే_బలం
ప్రసాద్ సార్, మీ అరగంట గంటన్నర అయింది.

నర్మద_నాయుడు
అందరూ విగ్రహాన్ని పక్కకు తోసేస్తున్నారు. ఇంజినీరింగు తెలిసినవాళ్ళు అలా తోసేయకూడదు. ఎత్తైన కట్టడం ఏదైనా కింద వెడల్పు, పైన సన్నం. ఇక్కడ తిరగబడింది. కింద రెండు పాదాలు, వాటి మధ్య ఖాళీ, పైన శాలువా కప్పుకున్న వెడల్పాటి ఒళ్ళు. నర్మదా లోయ గాలికి ఊగకుండా లోపల 250 టన్నుల డ్యాంపర్లు (ఊపును తగ్గించే బరువులు) రెండు పెట్టారు. కాళ్ళలోనే లిఫ్టులు. శిల్పి రామ్ సుతార్, హైదరాబాద్‌లో 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం కూడా ఆయనదే. ఇది క్లాసులో చెప్పదగ్గది కాదా?

గోదారి_గట్టు
దాదాపు మూడు వేల కోట్లు నాయుడు గారూ. ఆ డబ్బుతో ఎన్ని అరణ్యలు వచ్చేవో లెక్కేయండి. మీ డ్యాంపర్లకు దండం పెడతా, ఖర్చుకు మాత్రం పెట్టను.

నర్మద_నాయుడు
ఇందాక అరణ్యను సగం కట్టిన ఇల్లన్నది మీరే!

గోదారి_గట్టు
అన్నాను. మేస్త్రీ గారబ్బాయి, కవిత గారు చెప్పాక మనసు మార్చుకున్నాను. మార్చుకోకూడదని రూలుందా?

కామాఠీపుర_కిషన్
ముంబయి నుంచి ఒక మాట. 2018 జూన్ 30న ఇక్కడి ఓవల్ మైదాన్ చుట్టూ ఉన్న 94 కట్టడాలకు ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. మైదానానికి ఒక పక్క 19వ శతాబ్దపు గోథిక్ హైకోర్టు, యూనివర్సిటీ. ఎదురుగా 1930ల ఆర్ట్ డెకో అపార్టుమెంట్లు, గుండ్రటి బాల్కనీలు, ఓడ డెక్కుల్లాంటి పిట్టగోడలు. వాటిలో జనం ఇంకా కాపురముంటున్నారు, ఆరేసిన బట్టలు కనిపిస్తాయి, అదే నాకు నచ్చుతుంది. ఈ ఊరి కట్టుబడి పనికి తెలంగాణ వైపు నుంచి వచ్చినవాళ్ళే కామాఠీలు, మా పేట పేరు వాళ్ళదే. మా ముత్తాత కూడా ఆ పనికే వచ్చాడు. ఏ పుస్తకంలోనూ ఆర్కిటెక్టు పేరు పక్కన రాయి మోసినవాళ్ళ పేరుండదు. మీ క్లాసులో ఆ ఒక్క ముక్క చెప్పండి ప్రసాద్ గారూ.

పాఠాల_ప్రసాద్
తప్పకుండా కిషన్ గారూ.

చెక్కపని_చారి
నార్వేలో మ్యోస్టోర్నె. 18 అంతస్తులు, 85.4 మీటర్లు, చెక్కతో కట్టారు. 2018 సెప్టెంబరుకు పూర్తి ఎత్తుకు లేచింది, 2019 మార్చిలో తెరిచారు. వడ్రంగి ఇంట్లో పుట్టినవాణ్ణి, ఆ ఫొటోలు చూసి ఛాతీ ఉప్పొంగింది.

నర్మద_నాయుడు
చెదలు?

చెక్కపని_చారి
ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. ఆ చలిలో మన చెదలు బతకవు. అక్కడి సమస్య వేరు, చెక్క తేలిక కావడంతో గాలికి పైన ఊగుతుంది. అందుకే పై ఏడంతస్తులకు కాంక్రీటు స్లాబులు వేసి బరువు పెంచారు. నిప్పు సంగతి కూడా అడగండి, చెప్తా. అంత మందపు దూలం పైన బొగ్గయి, ఆ బొగ్గే లోపలి చెక్కకు కవచం అవుతుంది. సన్న చెక్కలా భగ్గున మండిపోదు.

డల్లాస్_రఘు
మా టెక్సాస్ నుంచి కూడా ఒకటి. 2018 మార్చిలో ఆస్టిన్‌లో 350 చదరపు అడుగుల ఇల్లు 3డీ ప్రింటర్‌తో పోశారు. తర్వాత కొన్నేళ్ళకు సిద్దిపేట జిల్లా బూరుగుపల్లిలో అదే పద్ధతిలో గుడి కట్టారు. ఎక్కడి నుంచి ఎక్కడికొచ్చిందో చూడండి.

మేస్త్రీ_గారబ్బాయి
గోడలు ప్రింటరు పోస్తుంది. పైపులు ఎవరు వేస్తారు?

డల్లాస్_రఘు
మీరే :)

కృష్ణా_కరకట్ట
ఆ ఏడాది బ్రిటన్‌లో కట్టడాలకిచ్చే స్టిర్లింగ్ బహుమతి లండన్ బ్లూమ్‌బెర్గ్ ఆఫీసుకొచ్చింది, ఆర్కిటెక్టు నార్మన్ ఫోస్టర్ సంస్థ డిజైను. అమరావతి శాసనసభ, హైకోర్టు డిజైన్లు కూడా వాళ్ళవే. 2018 డిసెంబరులో మన సచివాలయం టవర్లకు రాఫ్ట్ ఫౌండేషన్ (టవరు కిందంతా ఒకే మందపాటి స్లాబుగా పోసే పునాది) కాంక్రీటు మొదలైంది. తర్వాత పని ఆగి ఆ పునాదులు ఏళ్ళ తరబడి నీళ్ళలో మునిగాయి. ఈ మధ్యే నీళ్ళు తోడి, ఐఐటీ వాళ్ళతో పటుత్వం పరీక్షించారు. రాజకీయం ఎత్తొద్దు, కానీ ఆ పునాదులు చూసినప్పుడల్లా కడుపు తరుక్కుపోతుంది.

బిట్లే_బలం
రాజకీయం ఎత్తొద్దంటే ఈ చర్చ ఇంకో పది పేజీలు సాగుతుంది. ఆపేద్దాం.

నిర్మల_ప్లాన్లు
ఒకటి మిగిలింది, నాకు చాలా ఇష్టమైనది. 2018 వెనిస్ ఆర్కిటెక్చర్ బియెనాలేలో (రెండేళ్ళకోసారి జరిగే ప్రదర్శన) స్విట్జర్లాండ్ పెవిలియన్‌కు మొదటి బహుమతి గోల్డెన్ లయన్ వచ్చింది. లోపల తెల్ల గోడల ఖాళీ ఫ్లాటు, అంతే. కానీ ఒక తలుపు తలకంటే కింద, ఇంకోటి గుమ్మటమంత. ఒక గదిలో స్విచ్చి బోర్డు చెయ్యందనంత ఎత్తులో, పక్క గదిలో వంటగట్టు మోకాలి దగ్గర. అక్కడి ఫ్లాట్లలో సీలింగు 240 సెంటీమీటర్లు, ఎక్కడ చూసినా అదే. ఆ అలవాటైన కొలతను కదిలిస్తే మనిషికి తన ఇల్లే కొత్తగా కనిపిస్తుంది. అదే బియెనాలేలో మన ఆర్కిటెక్టు రాహుల్ మెహ్రోత్రాకు ప్రత్యేక ప్రస్తావన కూడా దక్కింది.

టిడ్కో_రెండో_ఫ్లోర్
240 అంటే ఎనిమిదడుగులు కూడా లేదే! ఫ్యాను ఎక్కడ పెడతారు?

నిర్మల_ప్లాన్లు
ఆ చలికి ఫ్యానుతో పనేముంది? మన దగ్గర పదడుగులు ఎందుకు కావాలో, మనవాళ్ళు ఇప్పుడు తొమ్మిదికి ఎందుకు దించుతున్నారో ఆలోచించండి. ఒక్కో ఫ్లోర్‌కి అడుగు మిగిలితే పదంతస్తుల ఎత్తులో పదకొండు అంతస్తులు పడతాయి. ఏసీ బిల్లు కట్టేది మనం.

పాఠాల_ప్రసాద్
ప్రింటు తీసుకున్నాను. మొదటి పావుగంట అరణ్య ప్లాను, బోర్డు మీద 35 చదరపు మీటర్లు గీసి, అందులో ఇల్లు ఎలా కడతారో పిల్లల్నే గీయమంటాను. మిగతా పావుగంట జెనోవా 9వ టవరు. ఈసీఐఎల్, కామాఠీలు మధ్యలో వస్తారు. విగ్రహం డ్యాంపర్లు కూడా చెప్తాను నాయుడు గారూ, ఖర్చుతో సహా.

మేస్త్రీ_గారబ్బాయి
పిల్లలు ముందు గదులు గీస్తారు సార్. వద్దనండి. ముందు మురుగు పైపు ఎటు పోతుందో గీయమనండి, తర్వాతే గదులు.